ఉండుట వేరు, పనిచేయుట వేరు: కృత్రిమ మేధా సాధనముల తొలి తనిఖీపై విమర్శ

నల్లగొండ పేరును దూరదేశములకు తెలిపిన జలశుద్ధి పద్ధతి ఒకటి కలదు. నీటిలో అధికముగానున్న ఫ్లోరైడును తగ్గించుటకు నాగపూరులోని ‘నీరీ’ సంస్థ 1970 దశకమున రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’ అది. ఇందు పటిక, సున్నము, బ్లీచింగు పొడి వాడుదురు. ఈ మూడును గదిలో ఉన్నవని చూచినంత మాత్రమున నీరు శుద్ధికాదు. ఫ్లోరైడు ఎంత, క్షారత్వము ఎంత అని కొలిచి, దానినిబట్టి పటిక మోతాదు నిర్ణయింపవలెను.

వస్తువు ఉండుటకును, అది పనిచేయుటకును గల ఈ భేదమును నేటి కృత్రిమ మేధా ‘ఏజెంటు’ సాధనములు పెక్కు పాటించుటలేదు. ఏజెంటు అనగా ప్రశ్నకు జవాబు చెప్పుటతో ఆగక, కంప్యూటరులోని ఇతర ప్రోగ్రాములను నడిపి పని నెరవేర్చునది. ఫైళ్ల మార్పులను భద్రపరచుటకు గిట్, పదములను వెదకుటకు రిప్‌గ్రెప్, ప్రోగ్రాములను నడుపుటకు పైథాన్, నోడ్ మొదలగునవి దాని పనిముట్లు. ఇవి కమాండ్ లైన్‌పై, అనగా ఆదేశమును టైపు చేయగా నడచునవి. వీటిలో ఏది లోపించినను పని నడుమ ఆగును. కావున ఆరంభముననే తనిఖీ చేయుట మెచ్చదగినదే. ఆక్షేపణ అంతయు చేయు తీరుపైననే.

సాధారణముగా జరుగునది ఇది: ‘పాత్’ అను జాబితాలోని ఫోల్డర్లను వరుసగా వెదకి, కోరిన పేరుగల ఫైలు కనిపించినచో ‘ఉన్నది’ అని సాధనము నిర్ణయించును. ఇందు మూడు లోపములు కలవు.

మొదటిది, పేరు దొరికినను ప్రోగ్రాము లేకపోవచ్చును. మాక్ యంత్రములలో గిట్ పేరుతో ఒక చిన్న ఫైలు ముందే ఉండును; అసలు పనిముట్లు లేనిచో అది వాటిని స్థాపింపుమని మాత్రము అడుగును. విండోస్ 10లో 2019 నుండి పైథాన్ పేరుగల ఫైలు, అసలు పైథాన్ లేనిచో, మైక్రోసాఫ్ట్ స్టోరును తెరచును. ‘కన్వర్ట్’ అన్న విండోస్‌లో డిస్కు అమరికను మార్చునది. ఇమేజ్‌మాజిక్‌లో అదే పేరు బొమ్మలను మార్చు ఆదేశము.

రెండవది, ప్రోగ్రాము ఉన్నను పేరు దొరకకపోవచ్చును. ఫైళ్లను వెదకు ‘ఎఫ్‌డి’ ఉబుంటులో ‘ఎఫ్‌డిఫైండ్’ అను పేరుతో వచ్చును. 2020లో వెలువడిన ఉబుంటు 20.04లో ‘పైథాన్3’ ఉండును గాని, వట్టి ‘పైథాన్’ అను ఆదేశము మామూలుగా ఉండదు.

మూడవది, తనిఖీ ఒకచోట, పని వేరొకచోట జరుగును. టెర్మినల్‌లో కనిపించు నోడ్, బొమ్మను నొక్కి తెరచిన అప్లికేషనుకు కనిపింపకపోవచ్చును. ఏలయన రెండింటి ‘పాత్’ జాబితాలు వేరు కావచ్చును.

పెద్ద సంస్థలోని ఇంజనీరునకు ఇది కొంతసేపటి చికాకు. దేవరకొండలోనో, నాగర్‌కర్నూలులోనో నలుగురు కలిసి వాడుకొను కంప్యూటరు ముందు కూర్చున్న విద్యార్థికి అడుగుటకు అనుభవజ్ఞుడు పక్కన ఉండడు. సాధనపు దోషమును తన దోషముగా ఎంచి అతడు ప్రయత్నమునే మానుకొనును. ఇంతకన్న పెద్ద అపాయము మరియొకటి కలదు. ‘లేదు’ అని తలచిన ఏజెంటు తానే స్థాపింపబూనవచ్చును. భాషా నమూనాలు లేని ప్యాకేజీల పేర్లను కల్పించుట కద్దు. అట్టి పేర్లతో హానికర ప్రోగ్రాములను నమోదు చేయు మోసమునకు 2025 నాటికి ‘స్లాప్‌స్క్వాటింగ్’ అను పేరే ఏర్పడినది.

సరియైన తనిఖీ మెట్లుమెట్లుగా సాగవలెను. ముందు పేరు వెదకవలెను. పిమ్మట వెర్షను అడుగవలెను. తరువాత చిన్న పని యొకటి చేయించి ఫలితమును చూడవలెను. ఇదంతయు అసలు పని జరుగు పరిసరముననే జరుగవలెను. షెల్ తిరిగి ఇచ్చు సంఖ్యను విడమరచి చెప్పవలెను: 0 అన్న సఫలము, 127 అన్న ఆదేశము దొరకలేదు, 126 అన్న దొరికినను నడుపుటకు వీలులేదు. స్థాపన మాత్రము వాడువాని అనుమతితోనే జరుగవలెను.

ఇట్లు చేసిన ఆరంభము ఆలస్యమగునని కొందరనవచ్చును. ఫలితమును భద్రపరచి, యంత్రములో మార్పు జరిగినపుడే మరల పరీక్షించినచో ఆ ఆక్షేపణ నిలువదు.

ఉపాధ్యాయులు లినక్సు కంప్యూటరుపై లేని ఆదేశమొకటి టైపు చేయించి, 127 సంఖ్యను విద్యార్థులకు చూపవచ్చును. ఆ సంఖ్యకు అర్థము తెలిసిన విద్యార్థి, ‘పని కాలేదు’ అను మాటతో తృప్తిపడక, ఎందుకు కాలేదని అడుగగలడు.