పసుపు చొక్కా, నల్ల టోపీ

ఆల్బకర్కీ నగరంలో వేయించిన కోడి అమ్మే హోటలు. తళతళలాడే బల్లలు, తినేవాళ్ల గలగలలు. ఆ సందడి నడుమ చాలాసేపటి నుంచి ఎవరికోసమో కాచుకుని కూర్చున్నాడు దొంగచాటుగా మత్తుమందు వండే కెమిస్ట్రీ మాస్టారు వాల్టర్ వైట్. రావలసిన మనిషి రాడు. వచ్చేదల్లా పసుపు చొక్కా, టై వేసుకుని, అన్నీ బాగున్నాయా అని అడిగి వెళ్లే మేనేజరు. ఆ మేనేజరే, ఆ మర్యాదల మూర్తే, తాను వెతుకుతున్న మత్తుమందుల మారాజు గస్ ఫ్రింగ్ అని మాస్టారుకు తట్టే ఘడియ ఉందే, ఏమి ఘడియ అది! గొంతు పెరగదు, కనుబొమ ముడిపడదు. కళ్లద్దాల వెనక చూపు మాత్రం చల్లబడుతుంది. ఆ చొక్కాలోంచే ఒక మనిషి లోపలికి తప్పుకుంటాడు, ఇంకో మనిషి బయటికొస్తాడు.

జాగ్రత్త విషయంలో మనమిద్దరం ఒకటే అంటాడు వాల్టర్, ఆశగా. మనకు పోలికే లేదంటాడు గస్, మెత్తగా. విన్స్ గిలిగన్ 2008 నుంచి 2013 దాకా అయిదు సీజన్లుగా నడిపిన టీవీ ధారావాహిక ‘బ్రేకింగ్ బ్యాడ్’లో తుపాకులు పేలిన ఘట్టాలకు లెక్కలేదు. నాకు మాత్రం ఈ మెత్తని కాదనడమే అన్నిటికన్నా గట్టిగా వినిపిస్తుంది. రెండో సీజన్‌లో గస్ కొట్టిపారేసిన ఆ పోలికను రుజువు చేయడానికే తర్వాతి కథంతా నడిచిందా అనిపిస్తుంది.

పైకి ఎంత ఎడం! గస్ చొక్కా నలుగురిలో కలిసిపోవడానికి, వాల్టర్ నల్ల టోపీ నలుగురూ ఉలిక్కిపడడానికి. ఒకడు భయంకరుడై ఉండి అణకువను తొడుక్కున్నాడు. ఇంకొకడు అణగారిన బతుకులోంచి లేచి భయాన్ని కిరీటంలా నెత్తిన పెట్టుకున్నాడు. మరి లోపల? తాను భాగస్వామిగా మొదలుపెట్టిన కంపెనీలో వాటాను వాల్టర్ ఒకనాడు 5 వేల డాలర్లకు వదులుకున్నాడు. ఆ కంపెనీ కోట్లకు పడగలెత్తింది, ఆయన బడి అయ్యాక కార్లు కడిగే చోట కూలికి నిలబడ్డాడు. గస్ కళ్లెదుటే అతని నేస్తం మాక్స్‌ను ఈతకొలను ఒడ్డున కాల్చేశారు. నెత్తురు నీళ్లలోకి జారుతుంటే, చూడు చూడమని గస్‌ను నేలకు అదిమిపట్టారు. ఒకరిది ఉక్రోషం, ఒకరిది దుఃఖం. రెంటినీ ఒకే తూకంలో వేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ గాయాన్ని మాననీయకుండా, పొంగనీయకుండా, ఏళ్ల తరబడి సన్నసెగ మీద కాచుకున్న ఓర్పు ఉందే, అది ఇద్దరిదీ ఒక్కటే, అచ్చంగా ఒక్కటే!

వాలి సుగ్రీవులు కలబడినప్పుడు ఎవరు ఎవరో తెలియక రాముడంతటివాడు బాణం వదలలేకపోయాడు. సుగ్రీవుడి మెడలో గజపుష్పి తీగ పడ్డాకే గుర్తు దొరికింది. ఇక్కడ ఆ కథ తిరగబడింది. గుర్తులు మొదట కొట్టొచ్చినట్టు ఉన్నాయి. గస్‌కూ వాల్టర్‌కూ మధ్య పోరు ముదిరేకొద్దీ ఒక్కొక్కటే రాలిపోతాయి.

నాలుగో సీజన్ తొలి భాగాన్ని తీరిగ్గా చూడండి. బట్టలుతికే కర్మాగారం అడుగున గస్ దాచిన, వాల్టర్ మత్తుమందు వండే ప్రయోగశాల. మెట్ల మీద గస్ అడుగులు. ప్రాణభయంతో వాల్టర్ మాట్లాడుతూనే ఉంటాడు, వాదిస్తూ, బతిమాలుతూ, లెక్కలు చెబుతూ. గస్ పలకడు. ఒంటి మీది మంచి బట్టలు విప్పుతాడు, రక్షణ దుస్తులు తొడుక్కుంటాడు, అట్టపెట్టెలు కోసే కత్తితో తన సొంత మనిషి గొంతే కోస్తాడు. చేతులు కడుక్కుంటాడు. తొందర లేకుండా మళ్లీ తన చొక్కాలోకి, తన టైలోకి, తన మర్యాదలోకి తిరిగొస్తాడు. గస్‌గా నటించిన జియాన్‌కార్లో ఎస్పొసీటో ముఖంలో రౌద్రాన్ని వెతకబోతే దొరకదు. అది గుండీ పెట్టుకునే వేళ్లలో ఉంది! మన ఆలంకారికులు అనుభావమన్నది, లోని భావాన్ని బయటపెట్టే చేష్ట, ఇంత సన్నగా, ఇంత నిండుగా పలకగా నేను అరుదుగా చూశాను. ఆ శుభ్రత, ఆ క్రమం చూసి వణికిపోతున్న ఎదుటి మనిషి ఎవరు? అదే ప్రయోగశాలలో ఒక్క ఈగ దూరిందని, సరుకు మైల పడుతుందని, ఒక భాగమంతా దాని వెంటపడి నిద్ర మానుకున్న మాస్టారే కదా!

ఆ సీజన్ చివరికి వాల్టర్ గెలుస్తాడు. బాంబు పేలిన గదిలోంచి గస్ నడిచొస్తాడు, టై సవరించుకుంటాడు, కెమెరా పక్కకు తిరిగాక గాని సగం ముఖం లేదని మనకు తెలియదు. చాలామంది ఈ దృశ్యం దగ్గర ఆగి చప్పట్లు కొడతారు. కొట్టదగిందే. నా మనసు మాత్రం అంతకు ముందూ ఆ తర్వాతా వచ్చే రెండు చిన్న దృశ్యాల దగ్గరే పడి ఉంటుంది.

మెక్సికోలో, మాక్స్ రక్తం పడ్డ ఆ కొలను దగ్గరే, అతన్ని చంపిన పాత శత్రువులకు గస్ విషం కలిపిన టెకీలా పోస్తాడు. అనుమానం రాకూడదని తానూ తాగుతాడు. గబగబా వెళ్లి కక్కెయ్యాలి, లేకుంటే ప్రాణం దక్కదు. అప్పుడు కూడా, ఆ గడ్డు నిమిషంలో కూడా, తువ్వాలు అందుకుని, మడత పెట్టి, నేల మీద పరిచి, దాని మీద మోకాళ్లు ఆనించి అప్పుడు వంగుతాడు. ఏమి ఠీవి! చావు కూడా తన ప్యాంటు మడత చెడగొట్టడానికి వీల్లేదు.

గస్ పోయాడు. ఆ తర్వాత అయిదో సీజన్‌లో ఒకసారి వాల్టర్‌కు కడుపులో తిప్పుతుంది, తన ఇంటి స్నానాలగదికి పరుగెడతాడు. అక్కడ తువ్వాలు తీస్తాడు, మడుస్తాడు, మోకాళ్ల కింద పరుచుకుంటాడు. మెక్సికోలో ఆ రోజు వాల్టర్ లేడు. గస్ ఎలా మోకరిల్లాడో అతను చూడలేదు, కనుక అనుకరించే వీలే లేదు. చూడకుండానే చేతులకు వచ్చేసింది! వాల్టర్‌గా నటించిన బ్రయన్ క్రాన్‌స్టన్ ఆ పని అలవాటుగా, పరధ్యానంగా, ఏ విశేషమూ లేనట్టు చేసేస్తాడు. గస్ పేరు ఎవరూ ఎత్తరు. పట్టుకోగలిగిన కంటికే వదిలేశారు. అంత నమ్మకం ప్రేక్షకుడి మీద పెట్టుకున్న నాటకం మీద నాకు ప్రేమ పొంగుతుంది.

వీలైతే ఈ రెండు దృశ్యాలున్న నాలుగో సీజన్ పదో భాగాన్నీ, అయిదో సీజన్ తొమ్మిదో భాగాన్నీ ఒకే రాత్రి వెంటవెంటనే చూడండి. కథ ముందే తెలిసినా ఫరవాలేదు, తెలిస్తేనే మరింత బాగుంటుంది.