ఇసుకలో దిద్దిన అక్షరం

1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద ఒక నివేదిక రాశాడు. అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోదే. లెక్కకు వచ్చిన బడులు 533. అందులో తెలుగు నేర్పేవి 226, కన్నడం నేర్పేవి 235. ఆ కాగితాల్లో ఒక ముచ్చట ఉంది. పొద్దున అందరికన్నా ముందు బడికి చేరిన పిల్లవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు రాసేవాడు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవాడు. మూడోవాడికి చిన్న దెబ్బ ఒకటి, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు తలా ఒకటి పెరుగుతూ పోయేది.

ఇలాంటి వీధి బడి అనగానే మనకు గుర్తొచ్చేది ఆ బెత్తమే. దూలానికి వేలాడదీసే కోదండం వేయడం, గుంజీలు తీయించడం ఆ బడుల్లో ఉన్న మాట నిజం. క్యాంప్‌బెల్ వాటినీ రాశాడు. కానీ అదే నివేదికలో అతను ఈ బడుల్లో రాత నేర్పే పొదుపునూ, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించే పద్ధతినీ మనసారా మెచ్చుకున్నాడు. నేర్పే పిల్లవాడికి తన చదువు కూడా గట్టిపడుతుందనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేననీ అన్నాడు.

ఆ అనుకరణ కథ మద్రాసులోనే మొదలైంది. ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని 1789 నుంచి చూసుకున్న ఆండ్రూ బెల్, ఇక్కడి బడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూశాడు. తన ఆశ్రమంలో అదే పెట్టించాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడి చేత చిన్నవాళ్లకు అక్షరాలు చెప్పించాడు. 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. అక్కడ దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరొచ్చింది.

నేను ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసేదాన్ని. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో. చేరిన మొదటి ఏడు నాకు చదువు చెప్పిన మాస్టారి గొంతు తెచ్చుకుని పాఠం చెప్పాను. ఆయన ఉరిమితే క్లాసు నిశ్శబ్దమయ్యేది, నేను ఉరిమితే ఒకటో తరగతి పిల్లలు ఏడ్చేవారు. రెండో ఏడు శిక్షణలో చూపించిన చార్టులు, ఆటలు అన్నీ తెచ్చాను. ఒక తరగతి ఆడుతుంటే మిగతా నాలుగూ ఖాళీగా కూర్చున్నాయి. అవి మంచి పద్ధతులే. నా గదికి నప్పలేదు, నాకూ నప్పలేదు. మూడో ఏడు వరండాలో ఒక మూల ఇసుక పోయించాను.

ఇసుకలో దిద్దే పిల్లని కాసేపు కూర్చుని చూడాలి. కలం పట్టడానికి వేళ్లకు ఇంకా బలం రాని వయసులో మొత్తం చెయ్యి కదిలి అక్షరం వంపు తెలుసుకుంటుంది. తప్పు పోతే అరచేత్తో చెరిపేస్తుంది. తప్పు జరిగిన ఆనవాలు కూడా ఉండదు. కాగితం మీద ఎర్ర సిరా మిగిలినట్టు మిగలదు. పిల్ల మళ్లీ రాయడానికి వెనకాడదు.

గుణింతం సంగతి ఇంకా గొప్పది. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, కొమ్ము దీర్ఘం. తల మీద కట్టినది తలకట్టు, పక్కన మొలిచినది కొమ్ము. పేరు వింటే రూపం కళ్లకు కడుతుంది. ‘క’కు ఒక్కసారి పట్టుబడితే మిగతా హల్లులు చాలావరకు ఆ దారినే వస్తాయి. రాగం తీస్తూ చదువుతుంటే చెవి, నోరు, చెయ్యి ఒకేసారి పనిచేస్తాయి. దీన్ని బట్టీ అని కొట్టిపారేసినవాళ్లు గుణింతాన్ని సరిగా విననేలేదని నేను నమ్ముతాను.

అర్థం లేని బట్టీ మాత్రం ఆ వీధి బడుల్లో ఉండేది. పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెప్పేవారనీ, వాటి భావం వాళ్లకు తెలియదనీ క్యాంప్‌బెల్ రాశాడు. మరో లెక్క అంతకన్నా బాధ పెడుతుంది. ఆ బడుల్లో చదివే 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మందే. అంటరానివారన్న పేరుతో ఊరి బయట ఉంచినవాళ్ల పిల్లలకు చాలాచోట్ల ఆ బడి అరుగు ఎక్కే వీలు లేకపోయింది. ఆ బడి నుంచి పనితనం తీసుకోవాలి. బెత్తాన్నీ, ఆ గడపనూ అక్కడే వదిలెయ్యాలి.

ఒకరోజు నాలుగో తరగతి అమ్మాయి రెండో తరగతి పిల్లవాడికి ఒత్తులు నేర్పుతోంది. ఇసుకలో ‘అక్క’ రాసింది, ‘అమ్మ’ రాసింది. వాడు అడిగాడు: “అక్కా, క కింద క ఉంది గదా. మ కింద మ లేదేం?” ఆ పిల్ల నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. అన్నేళ్లు పాఠం చెప్పినా ఆ ప్రశ్న నాకు తట్టలేదు. జవాబు చెప్పకుండా, “అట్లా వేషం మార్చే అక్షరాలు ఇంకెన్ని ఉన్నాయో ఇద్దరూ వెతకండి” అన్నాను. గంట గడిచేసరికి ఇసుక నిండా రాశారు: అమ్మ, అన్న, అత్త, అయ్య, బల్ల, బుర్ర. మ, న, త, య, ల, ర. పిల్లలు ఇంట్లో రోజూ వాడే మాటల్లోనే రూపం మారే ఒత్తులు ఇన్ని ఉన్నాయని ఆ రోజు నాకు వాళ్లే చూపించారు. అప్పటి నుంచి ఏ ప్రశ్న వచ్చినా ముందు పెద్ద పిల్లల ముందుకు తోయడం, గొంతు తగ్గించి పక్కన కూర్చోవడం, చివరికి నేను మాట్లాడటం అలవాటైంది. నా పద్ధతి అదేనని నాకు తెలిసింది అప్పుడే.

మరొకరికి మరొకటి అవుతుంది. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పాలనుకుని ముందు తాను సవర భాష నేర్చుకున్నాడు, సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టాడు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ పాఠశాల వాళ్లు పల్లె బడుల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద ఒక నిచ్చెన గీశారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుస్తుంది, తన వేగంతో తను ఎక్కుతుంది. ఒకే గదిలో అన్ని వయసులవాళ్లూ కలిసి చదువుతారు. ఎదుట ఉన్న పిల్లల్ని చూశాకే వీళ్లు పద్ధతి అల్లుకున్నారు.

వచ్చే జూన్‌లో మొదటిసారి తరగతి గదిలోకి అడుగుపెట్టే కొత్త టీచర్లకు నాదొక విన్నపం. మీ ఊళ్లో వీధి బడిలో చదివిన పెద్దవాళ్లు ఒకరిద్దరు ఇంకా ఉండవచ్చు. వాళ్ల అరుగు మీద కూర్చుని గుణింతం ఒకసారి చదివించుకుని వినండి. ఏ పంతులు ఎలా చెప్పేవాడో, ఏది బాగా వచ్చిందో, ఏ దెబ్బ ఇంకా మరిచిపోలేదో అడగండి. రాసుకోండి. వాళ్లుండగానే ఆ పని చెయ్యండి.