పదహారవవాని జీతము

తాండూరున ఎక్కి, వికారాబాదు జంక్షనులో బీదరు వైపు పోవువారిని వీడ్కొని, శంకరపల్లి మీదుగా లింగంపల్లిలో దిగుటయే మా ప్రాంతపు ఫుట్‌బాల్ ప్రియులకు గచ్చిబౌలి స్టేడియమునకు దారి. ఆ రైలులో సాగు వాదములన్నియు గోలు కొట్టువానిని గూర్చినవే. బెంచిపై కూర్చుండువాని ప్రసక్తి రాదు. నేను మాత్రము జట్టు పట్టిక చేతికందగానే బెంచి పేర్లనే ముందుగా చదువుట అలవాటు చేసికొంటిని. పదకొండుగురికి తోడు ఐదుగురు మార్పుగా దిగవచ్చు నీ రోజులలో, జట్టు కూర్పరి నేర్పు తెలియునది పదహారవవాని యొద్దనే యని నా నమ్మకము.

ఇండియన్ సూపర్ లీగులో 2021-22 నాటికి ఒక జట్టు ఆటగాండ్ర జీతములకు ఏటా 16.5 కోట్ల రూపాయలు మించరాదను కట్టుబాటుండెను. సొమ్మునకు హద్దున్నచోట ఒకని కెక్కువ యిచ్చుటయనగా పలువురికి కోత పెట్టుటయే. అంతమాత్రమున స్టారును తెచ్చుట తప్పనరాదు. ఆ ఏట హైదరాబాదు ఎఫ్.సి. పక్షమున 18 గోల్సు చేసి గోల్డెన్ బూట్ గెలిచిన ఓగ్‌బెచె లేనిదే, ఆ జట్టు ఫైనలు దాక వచ్చెడిదా యన్నది సందేహమే. కాని 2022 మార్చి 20న ఫటోర్డాలో జరిగిన ఆ ఫైనలున కేరళ బ్లాస్టర్స్ ఒక గోలు ముందుండగా, 88వ నిమిషమున స్కోరు సమము చేసినవాడు మార్పుగా దిగిన సాహిల్ తవోరా. పెనాల్టీలలో మూడింటిని ఆపి కప్పు నిలిపినవాడు గోల్‌కీపరు కట్టిమణి.

ఫుట్‌బాల్‌లో ఉత్తముని మెఱుగుపఱచుటకంటె అధముని మెఱుగుపఱచుటయే లాభకరమని 2013లో ఆండర్సన్, శాలీ యను నిరువురు తమ 'ది నంబర్స్ గేమ్' గ్రంథమున వాదించిరి. తాండూరు నాపరాళ్లు పఱచిన నేల యెంత నునుపైనదైనను, కదలు రాయి యొక్కటి యున్నచో కాలికి తగులునది అదియే కదా! గోలునకు దారి యిచ్చునదియు వెనుకవరుసలోని అట్టి యొక్క బలహీనుని చోటే.

ఆ చోటు బలపడవలెనన్న అందు నిలుచువానికి జీతపు నిశ్చింత యుండవలెను. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టువారికి కొలువే ఆధారము. ఆట నాడు బెంచిపై నున్నను నెలజీతమునకు లోటు లేదు. ఆ నిశ్చింత విలువ యెంతటిదో 2023-24లో మన కన్నులయెదుటనే తేలెను: జీతములు బకాయిపడగా ఆటగాండ్రొకరి వెనుక నొకరు వెడలిపోయి, రెండేండ్ల క్రిందటి విజేతయైన హైదరాబాదు ఎఫ్.సి. ఒక్క గెలుపుతో పట్టికలో అట్టడుగున మిగిలెను.

ధనమున్నవాడు స్టారును కొనుగాక, కాదనువారెవరు? అయితే పదహారవవానికి ఒకటవ తేదీన జీతమందుచున్నదో లేదో విచారించిన పిమ్మటనే ఆ బేరమునకు కూర్చుండవలెను.