చపాతీ పిండిలో రెండు చిల్లులు

బట్టీ అంటే నాకు ఒళ్లుమంట. ఈ కాలమ్ చదివేవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఎక్కాల మీద రాసినప్పుడు మీరు పెట్టిన చీవాట్లు ఇంకా భద్రంగానే ఉన్నాయి. ఈ వారం మనవరాలి పుణ్యమా అని మళ్లీ అక్కడికే వచ్చాను.

పిల్ల పదో తరగతి. మీథేన్ అణువు బొమ్మ చేసి తెమ్మన్నారట. వాళ్ల అమ్మమ్మ కలిపి పెట్టిన చపాతీ పిండిలోంచి ఓ ముద్ద, చీపురులోంచి నాలుగు కొబ్బరి ఈనెలు లాగింది. పుస్తకంలో ఉన్నట్టే, కూడిక గుర్తులా, బల్లకు ఆనించి గుచ్చింది. పాపం, కాగితానికి ఎత్తు లేదు మరి.

"పల్లేరు కాయ చూశావా?" అన్నాను. చూడలేదట. మా చిన్నప్పుడు చెప్పుల్లేకుండా పొలం గట్టున నడిచిన ప్రతివాడి అరికాలికీ దాని సంగతి తెలుసు. ఎలా పడినా ఓ ముల్లు ఆకాశం వైపే ఉంటుంది. నాలుగే ముళ్లుంటాయని కాదు, అన్ని దిక్కులకూ ఎడంగా పొడుచుకొస్తాయి. కార్బన్ చుట్టూ ఉన్న నాలుగు ఎలక్ట్రాన్ జంటలదీ అదే తంతు. ఒకదానికొకటి గిట్టక వీలైనంత దూరం జరిగితే, మధ్య కోణం 109.5 డిగ్రీలు. కార్బన్ చేతులు ఇలా చాచి ఉంటాయని వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారే 1874లో చెప్పేశారు. అప్పటికి ఎలక్ట్రాన్ ఊసే లేదు!

తర్వాత నీళ్లు. రెండు ఈనెలు పీకేశాం. "తాతయ్యా, ఇద్దరే మిగిలారు కదా, ఎదురెదురుగా పోయి కూర్చోవచ్చుగా?" అంది. పిండిలో రెండు చిల్లులు అలాగే ఉన్నాయి. అవి ఖాళీ కాదు తల్లీ, ఆక్సిజన్ ఎవరికీ పంచని ఒంటరి జంటలు వాటిలో కూర్చున్నాయి అన్నాను. పైగా అవి కాళ్లు బార్లా చాపుకునే రకం. అందుకే హైడ్రోజన్లు కాస్త దగ్గరికి నెట్టుకుపోయి 104.5 దగ్గర ఆగుతాయి. ఈ వంకరే లేకపోతే అణువులో రెండు వైపుల లాగుడూ కొట్టుకుపోయేది, నీళ్లలో ఉప్పు ఇలా కరిగేది కాదు.

"చూశావా, బట్టీ అక్కర్లేదు, ఆలోచిస్తే చాలు" అన్నాను, మీసం మెలేసినంత పని చేసి.

"మరి ఆక్సిజన్ కింద గడిలో సల్ఫర్ ఉందిగా. హైడ్రోజన్ సల్ఫైడ్‌లో ఎంత?"

"ఇంచుమించు అంతే."

పుస్తకం తీసింది. 92.

గిలెస్పీ, నైహోమ్ 1957లో తీర్చిదిద్దిన ఈ జంటల లెక్క వంకర ఎటో చెబుతుంది. ఎంతో చెప్పదు. ఆ మాటకొస్తే నీటి కోణం 109.5 కంటే తక్కువని చిల్లులు చెప్పాయి గానీ, 104.5 అని నాకు చెప్పింది చిల్లులు కాదు. ఇంటర్లో మా లెక్చరర్ బెంచీ ఎక్కించి వల్లె వేయించిన అంకె అది.

పిండి ముద్ద చపాతీ అయిపోయింది. పాల లెక్క రాసే క్యాలెండర్ మీద, ఓ మూలన 92 అని రాసి పెట్టుకున్నాను.