కదిలే లోహం

నృత్యవేదికల మీద వీడియో తెరల్నే శిల్పంగా నిలబెట్టి, వాటి మధ్య నర్తించడం ఈ కాలపు కళ. రూపం, వెలుగు, కదలిక కలిసిన పనితనం హైదరాబాద్ పాతబస్తీలోని దబీర్‌పురాకు మాత్రం ఎప్పటినుంచో తెలుసు. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం అనే లోహపు ధ్వజం ఏనుగు మీద బయలుదేరేది ఇక్కడి బీబీ కా అలావా నుంచే. అది సంతాపం, ప్రదర్శన కాదు. నేను మెచ్చుకునేది ఆలంలు చేసే చేతుల్ని.

దక్కనీ ఆలంలలో రేకును తొలిచి అక్షరాలు తీస్తారు. అంచుల్ని ఆకురాయితో నునుపు చేస్తారు. ఎంత లోహం ఉంచాలన్నదానికంటే ఎంత తీసేయాలన్నదే కష్టమైన లెక్క అని నాకనిపిస్తుంది. ఖాళీలోంచి వెలుగు రావాలి, రేకు బలం తగ్గకూడదు, ఎత్తి నడుస్తుంటే బరువు ఒకవైపు ఒరగకూడదు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగనాడు నిప్పుల గుండం చుట్టూ జనం ఆడుతుంటే, ఆ మంట ఇలాంటి లోహం మీదే ఆడుతుంది. ఆ అందంలో సగం వాటా పనివాడిదే.