లోతు అంకె చెప్పని సంగతి

వాహనము ఎంత లోతు నీటిలో పోగలదను ప్రశ్నకు తయారీదారులు ఒక అంకెతో సరిపెట్టుచున్నారు. 2020లో వచ్చిన లాండ్ రోవర్ డిఫెండరుకు, ఎయిర్ సస్పెన్షను ఉన్నచో, అది 900 మిల్లీమీటర్లు. అంకె తప్పు కాదు. కారణము తెలియని అంకె మాత్రము ప్రమాదకరము.

పెట్రోలు ఇంజను గాలిని పీల్చి, సిలిండరులో సుమారు 10వ వంతుకు నొక్కును. గాలికి బదులు నీరు చేరినచో? 100 వాతావరణముల పీడనమునకైనను నీటి ఘనపరిమాణము సుమారు 200వ వంతే తగ్గును. పిస్టను ఆగిపోవును; క్రాంక్ షాఫ్టు ఊపు ఆగదు; నడుమనున్న కనెక్టింగ్ రాడ్డు వంగును. నీటిలో ఆగిన ఇంజనును మరల స్టార్టు చేయరాదనుట ఇందువలననే.

కనుక ఇంజనుకు అసలు హద్దు గాలి పీల్చు గొట్టపు మూతి. వేగముగా పోవు వాహనము తాను లేపిన అలతోనే ఆ మూతిని ముంచుకొనును. ఇక పారు వరదలో ఆ అంకెను నమ్మనే రాదు: 12 అంగుళముల ఉద్ధృత ప్రవాహము చిన్నకార్లను ఈడ్చుకొనిపోగలదు.

అంకెతోపాటు ఈ కారణమును చెప్పుటకు రెండు వాక్యములు చాలును. ద్రవములు దాదాపు అణగవను పాఠము చెప్పు ఉపాధ్యాయులైన ఆ లోటును తీర్చవచ్చును.