నేర్చి మరచు ప్రోగ్రామింగు

మెకానికల్ ఇంజనీరింగు విద్యార్థికి పెక్కు కళాశాలలు మొదటి సంవత్సరమున ‘సి’ భాషలో ప్రోగ్రాములు వ్రాయుట నేర్పి, పిదప ఆ ఊసెత్తవు. అంకెలను వరుసగా పేర్చుట నేర్చిన విద్యార్థి, తన శాస్త్రమునకు దానితో పనియేమో ఎరుగడు.

గొట్టములో ప్రవహించు నీటి ఘర్షణ గుణకము, కోల్‌బ్రూక్ సమీకరణమున (1939) రెండు వైపులను ఉండును. అందుచే విద్యార్థి 1944 నాటి మూడీ పటమును చూచి కంటి అంచనాతో విలువ తీయును. గొట్టము నునుపైనదై, రేనాల్డ్స్ సంఖ్య 1,00,000 అయినచో, 0.02తో మొదలిడి, వచ్చిన విలువను మరల మరల ప్రతిక్షేపింపగా మూడు సారులలో 0.018 లభించును. ఇందులకు పది పంక్తుల ప్రోగ్రాము చాలును.

ఉష్ణప్రసారము, యంత్రరచన బోధించువారును ఆ భాషనే వాడించవలెను. లేనిచో కంప్యూటరు ఇచ్చిన విలువ తప్పో ఒప్పో పట్టభద్రుడు తేల్చుకొనజాలడు.